సూర్యాపేట బంగ్లాలో లేబుళ్లూడిన బీరు సీసాలు

ముప్పై ఒక్క ఏళ్లు బీరు పోశాను నేను. నా నోట్లోకి పోయింది మాత్రం రెండంటే రెండే గుక్కలు. ఆ రెండూ ఒకే రోజు, ఒకే పావుగంటలో తాగాను. అప్పుడు నేను చేసిన తప్పులు కూడా రెండే. మొదటిది బీరు విషయంలో, దానికి బంగ్లా అంతా నవ్వారు. రెండోది మనిషి విషయంలో. అది చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

ఇవాళ బార్లలో, హోటళ్లలో పనిచేసే మీకు చల్లని సీసా అంటే ఫ్రిజ్ తలుపు తీయడమే. మా కాలంలో సీసా చల్లబరచడానికే ఒక మనిషి ఉండేవాడు. వాణ్ణి ఆబ్దారు అనేవారు. తాగే నీళ్లు, సోడాలు, సారా, బీరు, అన్నీ వాడి పెత్తనం. సూర్యాపేటలో హైదరాబాదు నుంచి బెజవాడ పోయే రోడ్డు పక్కన ముసాఫిర్ బంగ్లా ఉండేది. నైజాం రోజుల్లోనే నేను అక్కడ ఆబ్దారుగా చేరాను. నలభై ఎనిమిదిలో ఇండియా ఫౌజు వచ్చాక సాబులు మారిపోయారు, జెండా మారింది, గోడ మీద పటం మారింది. నేను మాత్రం అదే బావి దగ్గర అదే బుట్ట పట్టుకుని నిలబడ్డాను.

నాకు పని నేర్పింది బంగ్లా ఖాన్సామా. అరవై దాటిన మనిషి, వంటలో చెయ్యి తిరిగినవాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. ఐదు పూటలా నమాజు చేసేవాడు, మద్యం వాసన కూడా గిట్టేది కాదు. అయినా గ్లాసు ఎంత వాల్చి పట్టుకోవాలి, నురుగు ఎన్ని వేళ్ల మందం ఉండాలి, మూత చప్పుడు కాకుండా ఎట్లా తీయాలి అన్నీ ఆయనే చెప్పాడు. నేనూ తాగను. మా నాయన తాగి తాటిచెట్టు ఎక్కి కింద పడి పోయాడు. ఆ రోజే మా అమ్మ నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. అట్లా సూర్యాపేట బంగ్లాలో బీరు గురించి తెలిసిన పండితులం ఇద్దరమే, ఇద్దరికీ దాని రుచి తెలియదు. మాకు తెలిసిందల్లా లేబులు.

సూర్యాపేటలో ఐసు దొరికేది కాదు. హైదరాబాదు నుంచి రంపపు పొట్టులో చుట్టి పంపితే దారిలోనే సగం నీళ్లయ్యేది. అందుకని సీసాలను బుట్టలో పెట్టి, తడి గోనెసంచి కప్పి, బావిలోకి దించేవాళ్లం. చాచా చెప్పిన కాయిదా ఒకటుంది: బుట్ట నీళ్లకు మూరెడు పైన ఆగాలి, నీళ్లను తాకకూడదు. బావిలోని చల్లగాలే చాలు. ఎందుకు తాకకూడదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎవరికి ఏ బీరు అన్నది నాకు పాఠంలా వచ్చేది. ఫౌజు క్యాంపు కెప్టెను ఉత్తరాది మనిషి. ఆయనకు నల్ల బీరు కావాలి, బొగ్గు కడిగిన నీళ్లలా ఉండేది, అది తాగితే ఒంట్లో నెత్తురు పడుతుందనేవాడు. ఫౌజు డాక్టరుకు పలచటి తెల్ల బీరు. నురుగంటే ఆయనకు అసహ్యం, చెంచాతో తీసి పారబోసేవాడు. మిర్యాలగూడ నుంచి వచ్చే రైసుమిల్లు యజమాని ఏ బీరైనా సరే చాయ్ కప్పులోనే పోయమనేవాడు. పైన సాసరు మూత. దారిన పోయేవాళ్లు చూస్తే చాయ్ తాగుతున్నాడనుకోవాలట. ఎంత చల్లని చాయో ఊది ఊది తాగేవాడు! కోదాడ వైపు నుంచి కొందరు కృష్ణా జిల్లా పెద్దమనుషులు వచ్చేవారు. మద్రాసు రాష్ట్రంలో అప్పటికే మద్యం బందు. పాపం వాళ్లకు రకం, రంగు, చల్లదనం ఏదీ పట్టేది కాదు. నిలబడే తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ హద్దు దాటి పోయేవారు.

అందరిలోకీ పట్టింపు ఎక్కువున్నవాడు సివిల్ అధికారి. ఫౌజు వెనకాలే కోస్తా నుంచి వచ్చాడు. క్యాంపులో పెట్టిన మనుషుల్లో ఎవర్ని వదలాలి, ఎవర్ని జైలుకు పంపాలి అన్నది ఆయన సంతకం మీద ఉండేది. సాయంత్రం స్నానం చేసి, వసారాలో కుర్చీ వేయించుకుని, ఒకే ఒక సీసా తాగేవాడు. అది చేదు బీరు. చూడటానికి డాక్టరు తాగే దానిలాగే బంగారు రంగు, అదే గోధుమరంగు సీసా, అదే తగరపు మూత. లేబులొక్కటే వేరు. ఆ సీసా తనే వంచుకుని పోసుకునేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది ఉన్నంతసేపే ఆయన మామూలు మనిషిలా మాట్లాడేవాడు. సీసా అయిపోయిందంటే లేచి ఫైళ్ల దగ్గరికి పోయేవాడు, ఇక దేవుడు వచ్చి పిలిచినా పలకడు.

ఇక మా బావ. మా అక్క మొగుడు. ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో తాటిచెట్లు గీసేవాడు. మనిషి బక్కపలచన, మాట తక్కువ. కానీ కల్లు దగ్గర ఆయనకు సాటి లేదు. ఒక చెట్టు కల్లు తియ్యగా దిగుతుంది, ఒకటి ఘాటుగా, ఒకటి పలచగా. ఎవరికి ఏ చెట్టు పడుతుందో బావకు తెలుసు. వాడిక మనుషులు, అంటే రోజూ వచ్చి తాగేవాళ్లు, తాటిరేకు పట్టుకుని కూర్చుంటే అడక్కుండానే వాళ్ల లొట్టి, కల్లుకుండ, వాళ్ల ముందుకు వచ్చేది. ఒకసారి తాగి పోయినవాడు ఏడాదికి వచ్చినా మళ్లీ అదే చెట్టు కల్లు పోసేవాడు.

ఒకసారి ఆయనకు నా పని గురించి గొప్పగా చెప్పాను. కెప్టెనుకు ఇది, డాక్టరుకు అది అని ఏకరువు పెట్టాను. బావ అంతా విని, "నీ సాబులు సుత మా వాడికోళ్ల లెక్కనే ఉన్నరు బామ్మర్దీ," అన్నాడు. "గని నీకు సీస మీది కాగితం ఆసర. నాకు గదిగూడ లేదు."

ఆ మాటకు నాకు కొంచెం రోషం వచ్చింది. కాని నిజమే కదా.

నలభై తొమ్మిది ఎండాకాలంలో బావను ఫౌజు పట్టుకుపోయింది. కమ్యూనిస్టు దళాల వాళ్లు అడవుల్లోనూ గుట్టల్లోనూ ఉండి పోరాడుతున్న రోజులవి. చెట్టు మీద ఉన్నవాడికి లారీల దుమ్ము రెండు మైళ్ల ముందే కనిపిస్తుంది. బావ చెట్టు పైనుంచి తువ్వాల ఊపి వాళ్లకు సైగ చేస్తున్నాడని ఎవరో చెప్పారట. ఊళ్లో గీసే వాళ్లందరి మీదా ఇదే అనుమానం. బావను తెచ్చి సూర్యాపేట క్యాంపులో ముళ్లతీగ వెనక కూర్చోబెట్టారు. బంగ్లాకూ క్యాంపుకూ మధ్య అర మైలు.

మూడో రోజు అక్క నడిచి వచ్చింది. వంటింటి వెనక కూర్చుని, చాచా ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు.

"తమ్మీ, శుక్కురారం పొద్దుగాల లారీల ఎక్కించి పెద్ద జైలుకు తోలుతరంట. గాడికి వోయినంక ఎప్పుడొస్తడో, అస్సలొస్తడో రాడో. నువ్వు రోజు ఆ దొర కాడ్నే ఉంటవ్ గద. ఒక్క మాట చెప్పరాదు?"

"చెప్త అక్కా. బేస్తారం టూరు నుంచి వస్తడు. కూసున్నంక చెప్త."

"యాదిమర్వకు."

మరుస్తానా! ఆ రెండు రోజులూ నాకు వేరే ధ్యాస లేదు. చాచా కూడా అన్నాడు: "సీస ఖతమయ్యేలోపు అడుగు బేటా. దిల్ ఖుష్ ఉన్నప్పుడే అడగాలె. పోసిన పదిమినిట్లకు, సగం సీస కాంగనె. గంతకు ముందొద్దు, గంతకు ఎనకొద్దు."

అధికారి కోదాడ, మిర్యాలగూడ చూసుకుని గురువారం సాయంత్రానికి వస్తాడు. కెప్టెను, డాక్టరు కూడా భోజనానికి వస్తారు. మండుటెండల్లో జీపులో తిరిగి వచ్చేవాడి గొంతులోకి బీరు ఎంత చల్లగా దిగితే నా మాట అంత మెత్తగా దిగుతుందని లెక్క వేసుకున్నాను. ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. నీళ్లకు పైన ఉంటేనే అంత చల్లబడితే, నీళ్లలోనే ముంచితే ఇంకెంత చల్లబడాలి? బుధవారం సాయంత్రమే ఉన్న సీసాలన్నీ రెండు బుట్టలకెత్తి, తాడు వదులు చేసి, నీళ్లలో పూర్తిగా మునిగేదాకా దించి వచ్చాను. పోయి హాయిగా నిద్రపోయాను కూడా.

గురువారం పొద్దున బావిలోకి తొంగిచూస్తే నీళ్ల మీద కాగితాలు తేలుతున్నాయి. ఎరుపు, పచ్చ, నీలం, ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. బుట్టలు చేదాను. ఇరవై చిల్లర సీసాలు, ఒక్కదానికీ లేబులు లేదు. జిగురంతా కరిగిపోయి సీసాలు నున్నగా మెరుస్తున్నాయి. నల్ల బీరు ఎండకు పెట్టి చూస్తే తెలిసిపోయింది, పక్కన పెట్టాను. మిగిలినవాటిలో అధికారి చేదు బీరు నాలుగే నాలుగు. రోడ్ల పరిస్థితి బాగాలేక నెల రోజులుగా హైదరాబాదు నుంచి కొత్త పెట్టె రాలేదు. ఆ నాలుగూ ఏవి?

ఎండకు పట్టి చూశాను. ఊపి చూశాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అన్నీ ఒకటే.

చాచా వచ్చి చూసి గడ్డం నిమురుకున్నాడు. "చెప్పిన్నా లేదా, నీళ్లు తాకొద్దని?"

"ఎందుకు తాకొద్దో చెప్పలేదు గద చాచా!"

"అరె, గిదే వజా, గిందుకే! సరే, పరేషాన్ గాకు. ఏదో ఒకటి తీసి దర్జాగా పెట్టు. సాబులు పెట్టేటోని మొహం జూసి తాగుతరు."

నాకు ధైర్యం చాలలేదు. ఏం చేయాలి? రుచి చూడటం ఒక్కటే దారి. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఒట్టు వేయించుకున్నా, కూతురి మొగుడి కోసమైతే కాదనదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రెండు సీసాల మూతలు తీశాను. వంటింటి వెనక, గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని మొదటిది ఒక గుక్క తాగాను. యాక్! వేపాకు కషాయం. రెండోది తాగాను. అదీ వేపాకు కషాయమే.

"ఏది చేదు?" అన్నాడు చాచా ఆత్రంగా.

"రెండూ చేదే."

"ఏది ఎక్కువ చేదు?"

"ఎట్ల తెలుస్తది చాచా! డాక్టరు సాబుది చేదుగ ఉండదని గద అందరంటరు. దీంట్ల తీపేదో నాకు తెలిస్తే గద, చేదేదో చెప్పనీకి!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తాగినవాడికి బీరంతా ఒకటే రుచి. ఇది మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఆ రెండు సీసాలకూ గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. మా ఇద్దరికీ నాలుగు కళ్లూ రెండు నాలుకలూ ఉండి ఒక్కటీ పనికిరాలేదు. ఆ క్షణాన నాకు బావ గుర్తొచ్చాడు. ఆయనైతే చిటికెలో చెప్పేవాడు. ఆయనేమో అర మైలు దూరంలో ముళ్లతీగ వెనక ఉన్నాడు.

సాయంత్రం ఐదింటికి జీపు వచ్చింది. అధికారి స్నానం చేసి వసారాలోకి వచ్చాడు. కెప్టెను, డాక్టరు అప్పటికే కూర్చున్నారు. ఎండ ఇంకా పోలేదు. అక్క వంటింటి గోడ చాటున నిలబడి ఉంది, ఆమె చీర కొంగు నాకు కనిపిస్తూనే ఉంది. నేను ఒక సీసా ఎంచి ట్రే మీద పెట్టాను.

అధికారి పోసుకున్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి నా వంక చూశాడు.

"ఏమోయ్, డాక్టరు గారి నీళ్లు నాకెందుకు పోశావు?"

అబద్ధమాడదామనుకున్నాను, చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. బావి, బుట్ట, లేబుళ్లు, రాత్రంతా నానడం, అన్నీ. తిడతాడనుకుంటే ఆయన విరగబడి నవ్వాడు. కెప్టెనుకు హిందూస్తానీలో చెప్తే ఆయనా నవ్వాడు.

"ఇన్ని నెలలుగా తెచ్చి పెడుతున్నావు, వాసన చూస్తే తెలియదూ?"

"నేను తాగను సార్."

"మీ ఖాన్సామా?"

"ఆయన వాసన సుత చూడడు సార్."

దీంతో ముగ్గురూ పొట్టలు పట్టుకున్నారు. "బాగుందయ్యా! ఊళ్లో ఇంతమంది ఉన్నారు, ఇది ఏది, అది ఏది అని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడా?"

చూశారా, ఇంతకంటే మంచి సందు ఎవరికి దొరుకుతుంది? దేవుడే తలుపు తీశాడనుకున్నాను.

"ఒక్కడున్నడు సార్. మీ క్యాంపులనే ఉన్నడు. తాళ్లు గీస్తడు, నా అక్క మొగుడు."

ఇక నా నోటికి అడ్డు లేకుండా పోయింది. బావ గొప్పతనం గురించి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఆయనకైతే అసలే చెప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం పొంగిపోయి చెప్పాను. చెట్టు పేరు చెప్తే కల్లు రుచి చెప్తాడన్నాను. కళ్లకు గంతలు కట్టినా ఏ లొట్టి ఏ చెట్టుదో చెప్తాడన్నాను. ఏడాది కింద ఒక్కసారి తాగినవాణ్ణి కూడా మర్చిపోడు, ఎవరికి ఏది ఇష్టమో ఆయన బుర్రలో రాసి పెట్టి ఉంటుంది అన్నాను. వసారా మెట్ల దగ్గర నిలబడి పెళ్లి సంబంధం మాట్లాడుతున్నవాడిలా చెప్పాను.

అధికారికి సరదా పుట్టింది, నా మాటలన్నీ కెప్టెనుకు హిందూస్తానీలో చెప్పాడు. సిపాయిని పంపి బావను పిలిపించాడు. ఐదారు రోజుల గడ్డం, దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లు. వచ్చి మెట్ల కింద గొంతుక్కూర్చున్నాడు. సీసాలన్నీ ఆయన ముందు వరసగా పెట్టాం. నేను మూత తీసిన రెండూ కూడా పెట్టాం.

బావ ఒక్కో సీసా తీసుకుని, వాలే ఎండకు పట్టి, మెల్లగా తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి చూశాడు. తొందర ఏమాత్రం లేదు. కెప్టెను సిగరెట్ వెలిగించుకున్నాడు. బావ ఒక సీసా పక్కకు పెట్టాడు. తర్వాత ఇంకోటి. తర్వాత మూడోది. చివరికి మూత తీసిన రెండిటినీ వాసన చూసి అందులో ఒకదాన్ని వాటి పక్కన చేర్చాడు.

"గీ నాల్గు ఒక జాతి దొరా. తక్కినయ్ వేరే."

"ఎట్లా తెలిసిందోయ్?"

"గీటి అడుగున జరంత మడ్డి ఉన్నది సూడుండ్రి. లేస్తున్నది. గియ్యి ఇంక పులుస్తనే ఉన్నయ్, పానముతోని ఉన్నయ్. గవి వడవోసి ఆపిన్రు. గవి సచ్చినయ్."

నేను వంగి చూస్తే నిజమే, అడుగు నుంచి సన్నటి దుమ్ములాంటిది పైకి లేస్తోంది. ఇన్నాళ్లూ నేను చూసింది లేబులునే కానీ సీసాను కాదు. అధికారి మూత తీయించి, పోసుకుని, గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "అదీ!" అన్నాడు. రెండోది తెరిపించి కెప్టెనుకూ డాక్టరుకూ రుచి చూపించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. చాచా వంటింటి గుమ్మంలోంచి నాకు కన్ను గీటాడు.

సగం సీసా అయింది. చేతులు జోడించి అడిగాను. "సార్, ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. తాళ్లు గీసుకుని బతికేటోడు. పెండ్లాం, పిల్లలకు ఆయనే ఆధారం. మీరు దయ తలిస్తే..."

"దానికేముందయ్యా," అంటూ అధికారి పక్కనున్న ఫైలు వైపు చెయ్యి చాచాడు. నిజంగా చాచాడు. ఆ చెయ్యి నేను చూశాను, అక్క చూసింది.

అప్పటిదాకా నల్ల బీరు చప్పరిస్తూ కూర్చున్న కెప్టెను హిందూస్తానీలో ఒక్క మాట అడిగాడు. "ఏడాది కింద ఒక్కసారి తాగినవాణ్ణి కూడా ఇతను మర్చిపోడని కదా వీడు చెప్పింది?"

అధికారి చెయ్యి ఫైలు మీద ఆగింది. ముఖంలో నవ్వు పోలేదు కానీ కళ్లలో పోయింది. బావ వైపు తిరిగాడు.

"మంచిది. కిందటి దీపావళి నుంచి నీ చెట్ల కిందికి వచ్చి తాగిపోయిన కొత్తవాళ్లు ఎవరెవరో చెప్పు. ఊరివాళ్లు వద్దు, బయటినుంచి వచ్చినవాళ్లే. చెప్పి ఇప్పుడే ఇంటికి పో."

బావ నా వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. దారిలో ఏదో తట్టుకుంటే కిందికి చూసినట్టు చూశాడు.

"నాకు చెట్లు యాదుంటయ్ దొరా. మనుషులు యాదుండరు."

"మీ బామ్మర్ది ఇందాకే వేరేగా చెప్పాడుగా?"

"ఆయన తాగడు దొరా. తాగనోనికి గట్లనే అనిపిస్తది."

డాక్టరు ఒక్కడే నవ్వాడు. నేను కాళ్ల మీద పడ్డాను. "సార్, నేను గొప్పలకు చెప్పిన సార్! నా బావ అని ఎక్కువ చేసి చెప్పిన. అదంతా నిజం కాదు సార్!"

"ఎక్కువ ఏముందయ్యా ఇందులో," అన్నాడు అధికారి నెమ్మదిగా. "ఇప్పుడే కదా మా కళ్లారా చూశాం."

బావను ఇంకో రెండుసార్లు అడిగారు. ఆయన మళ్లీ మళ్లీ అదే మాట చెప్పాడు. సిపాయి లేపి తీసుకుపోయాడు. అధికారి తన సీసా పూర్తి చేసి లేస్తూ నా భుజం తట్టాడు. "నీ మీద నాకేం కోపం లేదోయ్. సీసాల సంగతి నిజం చెప్పావు, అది నాకు నచ్చింది." ఆ మెచ్చుకోలు ఏం చేసుకోను? పోయి బావిలో పడేయనా?

వంటింటి వెనక్కి వెళ్లేసరికి అక్క లేదు. చాచా చేతిలో గరిటెతో నిలబడి ఉన్నాడు. "అంతా ఇన్నది. ఏమనలే. నడుసుకుంట వోయింది," అన్నాడు. నేను ఏడ్చాను. లోపల ముగ్గురికీ అన్నం వడ్డించవలసి ఉంటే ముఖం కడుక్కుని పోయి వడ్డించాను.

శుక్రవారం పొద్దున లారీ దగ్గరికి రొట్టెలు, బీడీలు మూటగట్టి తీసుకుపోయాను. సిపాయి ఎరిగినవాడే కాబట్టి దగ్గరికి పోనిచ్చాడు. బావే మూట అందుకుని, "అక్కను సూసుకో," అన్నాడు. లారీ కదిలింది.

పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో నేను వారం వారం ఆత్మకూరు దాకా నడిచి వెళ్లి అక్క ఇంటి ముందు కూర్చునేవాణ్ణి. బియ్యం, పప్పు తెచ్చి అరుగు మీద పెడితే తీసుకునేది, పిల్లల్ని నా దగ్గరికి రానిచ్చేది, కానీ నాతో ఒక్క మాట మాట్లాడేది కాదు. ముఖం చెల్లక నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. బావ చెట్లను వేరేవాళ్లు గీశారు. ఎవరికి ఏది పోయాలో తెలియక అందరికీ అన్నీ కలిపి పోసేవారట.

బంగ్లాలో నా పని సాగుతూనే ఉంది. అధికారి కొన్నాళ్లకు బదిలీ మీద వెళ్లిపోయాడు, ఇంకొకరు వచ్చారు. కానీ ఆ రోజు తర్వాత నేను ఒక పని మానేశాను. మీరు నవ్వినా సరే, చెప్తాను. ఫలానా ఆయన ఏం తాగుతాడు, ఎప్పుడొచ్చాడు, ఎవరితో వచ్చాడు అని ఎవరడిగినా నాకు గుర్తులేదనే చెప్పాను. పెద్ద అధికారులు అడిగారు, పత్రికల వాళ్లు అడిగారు, ఒకసారి మిర్యాలగూడ మిల్లు యజమాని భార్యే వచ్చి నిలదీసి అడిగింది. చాయే తాగాడమ్మా, చల్లారిపోయిన చాయ్ అన్నాను. మనం పెట్టే గ్లాసులో ఒక మనిషి ఉంటాడు. ఎవడికి ఏది ఇష్టమో తెలిసినవాడికి వాడి గుట్టంతా తెలిసినట్టే. ఇవాళ మీరు కౌంటరు దగ్గర నిలబడి ఫలానా సారు రోజూ ఇదే తాగుతాడని పది మందిలో అరిచి చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవడు వింటున్నాడో మీకేం తెలుసు?

బావ మరుసటి వేసవిలో వచ్చాడు. వదిలేసినవాళ్ల జాబితాలో ఆయన పేరు కూడా ఉంది, అంతే, ఎవరి దయా కాదు. కబురు తెలిసి ఆదివారం వెళ్లాను. మనిషి సగమయ్యాడు. అరుగు మీద కూర్చుని మోకును, అదే చెట్టెక్కే తాడును, బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"బావా, నా నోటి దూల వల్ల నీ బతుకు ఆగమయింది," అన్నాను. పదకొండు నెలలుగా నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి అంతే అనగలిగాను.

"నువ్వు చెప్పకున్నా తోల్తురేమో. ఎవడికెరుక." తాడు పేట ఒకటి లాగి బిగించాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "గని బామ్మర్దీ, ఆ దినం నా పనిని గంత మంచిగ చెప్పినవ్ సూడు, నా పెండ్లి నాడు సుత ఎవ్వడు గట్ల చెప్పలే. జైల్ల మస్తుసార్లు యాది చేసుకున్న."

అయినా అడగకుండా ఉండలేకపోయాను. "వాళ్లు నిజంగ వచ్చిన్రా బావా? నీకు యాదున్నరా?"

"ఏడుగురు. ఎవనికి ఏ చెట్టో సుత యాదున్నది." చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు. "ఏడుగురు బతికే ఉన్నరు."

లోపలినుంచి అక్క రెండు కంచాలు తెచ్చి మా ముందు పెట్టింది. నా కంచంలో అన్నం వడ్డించింది, పచ్చిపులుసు పోసింది. పదకొండు నెలల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"తమ్మీ, బావను మెచ్చుకోవాలె అనిపిస్తే గీడికొచ్చి నా ముంగట మెచ్చుకో. దొరల ముంగట గాదు."